చెప్పిందే చెప్పే బొమ్మ

అనంతపురంలో మా బంధువుల పిల్లాడికి నాలుగేళ్లు. "అబ్బీ, ఇట్లా చూడరా" అని వాళ్లమ్మ పదిసార్లు పిలిచినా తల తిప్పడు. గ్రైండర్ చప్పుడు వినబడితే మాత్రం వంటింట్లోకి పరుగెత్తుకొస్తాడు. "వాళ్ల నాయనకూ మాటలు ఆలస్యమే" అనుకుంటూ ఏడాది గడిపేశారు. డాక్టరు ఆటిజం (మాట, చూపు, మనుషులతో కలవడం వేరుగా ఎదిగే స్థితి) అన్నాక ఫోన్‌లో వెతికితే, పిల్లలతో ఆడే రోబో వీడియో కనబడింది. "ఇది మన దగ్గర దొరుకుతుందా?" అని నన్నడిగారు.

ఈ ఆలోచన పాతదే. 1943లో మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంలోనే, వాళ్లకు మనుషులకన్నా వస్తువులతో చక్కగా కుదురుతుందని గమనించాడు. 1976లో ఎడిన్‌బరోలో పరిశోధకులు సిల్వియా వీర్, రికీ ఇమాన్యుయేల్ ఆటిజం ఉన్న ఏడేళ్ల బాబు చేత నేలమీద తిరిగే 'తాబేలు' రోబోను నడిపించారు. ఆ దారి ఊపందుకున్నది 1990ల చివర్లో, కెర్స్టిన్ డాటెన్‌హాన్ అనే పరిశోధకురాలు బ్రిటన్‌లో ఈ పిల్లల కోసం 'అరోరా' అనే రోబో ప్రాజెక్టు మొదలుపెట్టాక. అందులోంచే హెర్ట్‌ఫర్డ్‌షైర్ యూనివర్సిటీలో కాస్పర్ అనే రోబో పుట్టింది.

చిన్నపిల్లాడంత బొమ్మ అది. ముఖంలో కావాలనే పెద్దగా కవళికలు పెట్టలేదు. పాదం గిలిగింతలు పెడితే నవ్వుతుంది, గట్టిగా కొడితే నొప్పి అంటుంది. వందోసారి కొట్టినా అదే మాట, అదే గొంతు. తల్లి గొంతు అలా కాదు కదా, పదోసారికే విసుగు తొంగిచూస్తుంది. మనకు బోరు కొట్టే ఆ ఒకేతీరు ఈ పిల్లలకు ధైర్యమని నాకనిపిస్తుంది.

రోబోను తీసేశాక ఏం మిగులుతుందన్నదే అసలు చిక్కు. 2018లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ పరిశోధకులు ఆటిజం ఉన్న 12 మంది పిల్లల ఇళ్లలో 30 రోజులు, రోజుకు అరగంట రోబోతో ఆడించారు. పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే. పెద్దలు చూస్తున్నవైపు తామూ చూడటం పిల్లలకు మెరుగైంది. రోబోను తీసుకెళ్లిన నెలకు అందులో కొంత జారిపోయింది. అక్కడ వాడిన జిబో రోబో కంపెనీ కూడా తర్వాత మూతపడింది. లక్షలు పోసి కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మన దగ్గర 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో చేరింది, 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో ఒకటైంది. రోబోల సంగతి అటుంచితే, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో ఉండేవి బంతులు, పూసలు, అద్దాల్లాంటివే.

మా బంధువులకు థెరపిస్టు చెప్పింది ఒక్కటే, వాడికి ఇష్టమైనదాన్నే వాడుకోమని. ఇప్పుడు ఆ తల్లి గ్రైండర్ స్విచ్ మీద వేలుంచి ఆగుతుంది. వాడు స్విచ్‌ వైపు చూస్తాడు, గ్రైండర్ వైపు చూస్తాడు, చివరికి ఆమె ముఖంలోకి చూస్తాడు. అప్పుడు నొక్కుతుంది.