డబుల్స్ కోసం పోరాడిన ఎడమచేతి వాటం: గుత్తా జ్వాల ఆట వెనుక కథ

హైదరాబాద్‌లో షటిల్ అనగానే గుర్తొచ్చేది సింగిల్సే. 2001లో గోపీచంద్ ప్రతిష్ఠాత్మక ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచారు. ఒలింపిక్ పతకాలు 2012లో సైనా, 2016లో సింధు తెచ్చారు. ఇప్పుడు అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డిని చూసి డబుల్స్ వైపు మొగ్గే పిల్లలు కనిపిస్తున్నారు. ఈ ఊళ్లో డబుల్స్‌కు గౌరవం ఎలా వచ్చిందో తెలియాలంటే సాత్విక్ కన్నా ముందు గుత్తా జ్వాల గురించి చెప్పుకోవాలి. ఆమె పేరు ఎత్తితే చాలామందికి వివాదాలే గుర్తొస్తాయి. ఆట మరుగున పడిపోవడం నాకు బాధగా ఉంటుంది.

జ్వాల 1983లో మహారాష్ట్రలోని వార్ధాలో పుట్టింది. తండ్రి తెలుగువారు, తల్లి చైనీయురాలు. ఆట నేర్చుకున్నది హైదరాబాద్‌లో, గోపీచంద్‌కు కూడా గురువైన ఎస్.ఎం. ఆరిఫ్ దగ్గర. శ్రుతి కురియన్‌తో కలిసి ఏళ్ల తరబడి జాతీయ మహిళల డబుల్స్ టైటిల్‌ను ఎవరికీ వదల్లేదు.

సింగిల్స్ ఆడేవాళ్లు ఇద్దరిని ఒక పక్కన నిలబెడితే డబుల్స్ జోడీ అయిపోదు. కోర్టు వెడల్పు 17 అడుగుల నుంచి 20 అడుగులవుతుంది, సర్వీస్ పడాల్సిన చోటు మాత్రం వెనుకవైపు కుదించుకుపోతుంది. అందుకే సర్వీస్, దాన్ని అందుకునే మొదటి దెబ్బ, ఈ రెండింటి దగ్గరే సగం పాయింట్లు తేలిపోతాయి. దాడిలో ఒకరు ముందు, ఒకరు వెనుక. డిఫెన్స్‌లో ఇద్దరూ పక్కపక్కన. ఆ మార్పు ఆలోచించకుండా జరిగిపోవాలంటే ఇద్దరూ రోజూ కలిసి ప్రాక్టీస్ చేయాలి, దగ్గర డబుల్స్ తెలిసిన కోచ్ ఉండాలి. నెట్ దగ్గర చురుకైన చెయ్యి, ఎడమచేతి వాటం, పదునైన సర్వీస్ జ్వాల బలాలు. ప్రత్యేకంగా డబుల్స్ కోచ్ మాత్రం ఆమె ఆడిన కాలంలో ఎక్కువ భాగం జాతీయ శిక్షణలో లేడు. ఆమె మళ్లీ మళ్లీ అడిగింది ఇదే.

అయినా ఫలితాలు వచ్చాయి. వి. దిజుతో మిక్స్‌డ్ డబుల్స్‌లో 2009లో గచ్చిబౌలిలోనే జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా, ఏడాది చివర మేటి జోడీలు మాత్రమే ఆడే సూపర్ సిరీస్ మాస్టర్స్‌లో ఫైనల్ దాకా వెళ్లింది. అశ్విని పొన్నప్పతో 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, 2011 లండన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం. 1983లో ప్రకాశ్ పదుకొణె తర్వాత ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మన దేశానికి దక్కిన పతకం అదే. సైనా, సింధుల కన్నా ముందే వచ్చిన పతకమది.

2012 ఒలింపిక్స్‌కు జ్వాల రెండు విభాగాల్లో అర్హత సాధించింది. మిక్స్‌డ్‌లో ఓటములే మిగిలాయి. మహిళల డబుల్స్‌లో జపాన్ చేతిలో ఓడినా తైవాన్, సింగపూర్ జోడీలను ఓడించారు. జపాన్‌ను తైవాన్ ఓడించడంతో మూడు జోడీలు సమానమయ్యాయి. ఒక్క పాయింట్ తేడాతో మనవాళ్లు బయటికొచ్చేశారు. తైవాన్‌తో జపాన్ జోడీ ఆడిన ఆట మీద అనుమానంతో భారత్ ఫిర్యాదు చేస్తే నిర్వాహకులు తోసిపుచ్చారు. ఆ ఒలింపిక్స్‌లోనే తర్వాతి రౌండ్‌లో తేలికైన ప్రత్యర్థి దొరకాలని కావాలనే ఓడిపోతున్నారంటూ చైనా, ఇండోనేసియా, కొరియాలకు చెందిన నాలుగు జోడీలను వెళ్లగొట్టారు. దాంతో గ్రూప్ దశ ముగిశాక మళ్లీ డ్రా తీసే పద్ధతి వచ్చింది.

2013లో ఇండియన్ బ్యాడ్మింటన్ లీగ్ మొదలైంది. మహిళల డబుల్స్‌ను తీసేసి, ఆటగాళ్ల వేలంలో జ్వాల, అశ్వినిల కనీస ధరను 50,000 డాలర్ల నుంచి సగానికి తగ్గించారు. ప్రపంచ పతకం తెచ్చినవాళ్లకు జరిగిన ఆ అవమానాన్ని జ్వాల బాహాటంగా నిలదీసింది, అది సరైన పనే. తర్వాత లీగ్ మ్యాచ్ దగ్గర జరిగిన గొడవపై బ్యాడ్మింటన్ సంఘం క్రమశిక్షణ కమిటీ జీవితకాల నిషేధం దాకా సిఫారసు చేసింది. ఢిల్లీ హైకోర్టు ఆమెను ఆడనివ్వమంది. ఆ టెన్షన్ మధ్యే 2014 గ్లాస్గో కామన్వెల్త్ రజతం, మహిళల ప్రపంచ జట్టు టోర్నీ ఉబెర్ కప్‌లో కాంస్యం, 2015 కెనడా ఓపెన్ టైటిల్ వచ్చాయి. 2016 రియో ఒలింపిక్స్‌లో మాత్రం ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

రియోకు ముందు మలేసియా నుంచి డబుల్స్ కోచ్ టాన్ కిమ్ హర్ వచ్చారు. జ్వాల కోరుకున్నది ఆమె ఆట చివరి దశలో దక్కింది. సాత్విక్‌ను, ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టిని జోడీగా కలిపింది ఆయనే. ఇద్దరూ వెనుక నుంచి స్మాష్‌లు కొట్టేవాళ్లే కావడంతో వాళ్లకు మొదట నచ్చలేదు. టోక్యో ఒలింపిక్స్‌లో ఈ జోడీ కూడా మూడింట రెండు గెలిచి గ్రూప్ దశలోనే ఇంటికొచ్చింది. ఆ తర్వాత 2022లో పురుషుల ప్రపంచ జట్టు టోర్నీ థామస్ కప్, 2023లో ఆసియా క్రీడల స్వర్ణం, ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు వచ్చాయి.

పురుషుల సంగతి అది. మహిళల డబుల్స్‌లో గాయత్రి గోపీచంద్, ట్రీసా జాలీ ఆల్ ఇంగ్లండ్‌లో రెండేళ్లు వరుసగా సెమీస్ ఆడారు. ప్రపంచ చాంపియన్‌షిప్ పతకం మాత్రం 2025 దాకా చూసినా జ్వాల, అశ్విని తెచ్చిన ఆ ఒక్కటే.