ముప్పావు కేజీ లెక్క

గుంటూరు రైతుబజార్లో ధరలు పలక మీద రాసి ఉంటాయి. కిలో 60, 70 అని గుండ్రంగా ఉండవు. 38, 46, 64 అంటూ లెక్కకు చిక్కుగా ఉంటాయి. ఆ ఆదివారం చిక్కుడుకాయలు కిలో 64. ముప్పావు కేజీ ఇవ్వమన్నాను. నేను ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచేలోపే, కాయలు సంచిలో పోస్తూ "నలభై ఎనిమిది" అంది అమ్మే ఆవిడ.

"ఎలా వేశావు పిన్నీ?" అన్నాను.

"ఎలా ఏముంది నాయనా? అర ముప్పై రెండు. పావు పదహారు. కలుపుకో."

అంతే. 64ని మూడుతో గుణించి నాలుగుతో భాగించడం అక్కడ లేదు. సగం, ఆ సగంలో సగం, ఆ రెండింటి కూడిక. బడి ముఖం సరిగ్గా చూడలేదని ఆవిడే చెప్పింది. పక్కన గోనెపట్టా మీద కూర్చుని ఆరో తరగతి మనవరాలు హోంవర్క్ చేసుకుంటోంది. నోట్‌బుక్‌లో భిన్నాల గుణకారం. చెరిపి చెరిపి కాగితం పలచబడింది.

ఆ అమ్మమ్మనీ మనవరాలినీ అలా పక్కపక్కన చూసినప్పటి నుంచి నాకు ఒకటే ప్రశ్న. ఇద్దరిలో ఎవరికి లెక్కలు వచ్చినట్టు?

బ్రెజిల్‌లోని రెసీఫి నగరంలో ముగ్గురు పరిశోధకులు ఇలాంటి ప్రశ్నతోనే వీధుల్లోకి వెళ్లారు. వాళ్ల పరిశోధన 1985లో అచ్చయింది. కొబ్బరికాయలు, పండ్లు అమ్మే 9 నుంచి 15 ఏళ్ల పిల్లలు ఐదుగురిని ఎంచుకుని, మామూలు కొనుగోలుదారుల్లా బేరం చేశారు. ఆ నోటిలెక్కల్లో 98 శాతం సరిపోయాయి. తర్వాత అవే లెక్కల్ని కాగితం మీద ఇస్తే సరిపోయినవి 37 శాతమే. అందులో పన్నెండేళ్ల పిల్లవాడి సంగతి చూడండి. కొబ్బరికాయ 35 అయితే నాలుగు ఎంత అని బజార్లో అడిగితే, "మూడు నూట ఐదు, ఇంకో ముప్పై ఐదు... నూట నలభై" అన్నాడు. అదే 35 ఇంటూ 4 అని కాగితం మీద రాసిస్తే, నాలుగైదులు ఇరవై, రెండు మిగులు అనుకుని, ఆ రెండును ముందే మూడుకు కలిపేసి, ఐదు నాలుగులు ఇరవై అని 200 రాశాడు. చేతిలో కొబ్బరికాయలు ఉన్నప్పుడు 200 అనే మాట వాడి నోటి నుంచి వచ్చేది కాదు. నాలుగు కాయలకు అంత కాదని వాడికి తెలుసు. కాగితం మీది అంకెలకు మాత్రం కాయలతో సంబంధం తెగిపోయింది.

మన దేశంలో ఇదే విషయాన్ని ఇంకా పెద్ద ఎత్తున చూశారు. నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తమ సహచరులతో కలిసి కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే 1400 మందికి పైగా పిల్లల్ని పరీక్షించారు. ఫలితాలు 2025లో నేచర్ పత్రికలో వచ్చాయి. అమ్మకంలో తడబడని పిల్లలు బడి లెక్క దగ్గర ఆగిపోయారు. నాకు ఎక్కువ బాధ కలిగించింది దీని రెండో సగం. బడిలో చదువుకుంటూ, మార్కెట్లో పనిచేయని పిల్లలకు బేరం లెక్కలు ఇస్తే వాళ్లూ చాలామంది చేయలేకపోయారు. అంటే బజారు లెక్క బడికి నడిచి రాలేదు, బడి లెక్క బజారుకు నడిచి పోలేదు.

ఇక్కడ తెలివి అంటే ఏమిటన్న పాత గొడవ మొదలవుతుంది.

మనం ఐక్యూ అంటున్న కొలత ప్యారిస్‌లో పుట్టింది. ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సిమోన్ 1905లో ఒక పరీక్ష తయారుచేశారు. బడిలో వెనకబడే పిల్లలెవరో గుర్తించి వాళ్లకు సాయం చేయడానికి. అదొక్కటే దాని పని. మనిషి తెలివి పుట్టుకతోనే ఇంతని తేలిపోయి, మారకుండా ఉండిపోతుందనే వాదాన్ని బినే గట్టిగా వ్యతిరేకించాడు. ఆయన 1911లో చనిపోయాడు. ఆ తర్వాత విలియం స్టెర్న్ దాన్ని మానసిక వయసుకూ అసలు వయసుకూ మధ్య నిష్పత్తిగా మార్చాడు, అమెరికాలో లూయిస్ టెర్మన్ 1916లో 100తో గుణించిన అంకెగా ప్రచారంలోకి తెచ్చాడు. సాయం కోసం పుట్టిన పరీక్ష ముద్ర వేసే పరీక్ష అయింది. విజయవాడ, గుంటూరుల్లో ఇంటర్ పిల్లలున్న ఏ ఇంట్లోవాళ్లకైనా ఈ మార్పు ఎలా జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. ర్యాంకు వచ్చిన సాయంత్రం ఇంట్లో ఉండే టెన్షన్ చాలు.

1983లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హోవర్డ్ గార్డ్‌నర్ తెలివి ఒక్కటి కాదు, ఏడు అన్నాడు. భాష, తర్కం, సంగీతం, శరీరం, చోటు, ఎదుటి మనిషి, తన మనసు. తర్వాత ప్రకృతిని గుర్తుపట్టే తెలివిని ఎనిమిదోదిగా కలిపాడు. ఇది వినడానికి హాయిగా ఉంటుంది. నాకూ చాలాకాలం ఇదే సరైన జవాబు అనిపించింది. కానీ మనస్తత్వ శాస్త్రవేత్తల్లో చాలామంది దీన్ని ఒప్పుకోరు, వాళ్ల కారణం బలమైనదే. ఒక పరీక్షలో బాగా చేసినవాళ్లు మిగతావాటిలోనూ సగటు కంటే బాగా చేయడం మామూలుగా కనిపిస్తుందని చార్లెస్ స్పియర్‌మన్ 1904లోనే చూపించాడు. వందేళ్లుగా అది మళ్లీ మళ్లీ రుజువవుతోంది. ఏడు గదులూ ఒకదానికొకటి సంబంధం లేకుండా విడివిడిగా ఉంటే అలా జరగదు.

మరి ఐక్యూయే అసలు తెలివా అంటే, అదీ కాదు. 1986లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో, ఏళ్ల తరబడి గుర్రప్పందేలకు వెళ్లే 30 మందిని పరీక్షించారు. వాళ్లలో 14 మంది అంచనాలో ఆరితేరినవాళ్లు. గుర్రం పాత వేగాలు, మైదానం స్థితి, జాకీ, పక్క గుర్రాలు, అన్నిటినీ ఒకేసారి తూచే లెక్క అది. ఆ నైపుణ్యానికీ ఐక్యూకీ పొంతన కనిపించలేదు. ఐక్యూ కొలిచేది నిజమైనదే, కానీ అది కొలవనిది చాలా ఉంది.

కొలవనిదాన్ని దగ్గర నుంచి చూడాలంటే మార్చి నెలలో మిర్చి యార్డుకు రండి. మా మావయ్య కాయతో ఒకసారి వెళ్లాను. అడుగు పెట్టగానే దగ్గు, కళ్లలో నీళ్లు. (మిర్చి ఘాటు నిజానికి రుచి కాదు, మంట. అందులోని క్యాప్సైసిన్, వేడిని పసిగట్టే నాడీ గ్రాహకాన్నే తట్టి లేపుతుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది.) కొనడానికి వచ్చిన ఒక పెద్దాయన మా టిక్కీ (మిర్చి బస్తా) దగ్గర ఆగారు. మూతి దగ్గరి కాయను చూడలేదు. చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీశారు. చెవి దగ్గర పెట్టి ఊపారు. బాగా ఎండిన కాయలో గింజలు విడిపోయి గలగలమంటాయి, తేమ ఉంటే ఆ చప్పుడు మందంగా ఉంటుంది. ఒక కాయ విరిచారు. ఫట్‌మని విరగలేదు, కొంచెం వంగి చిట్లింది. తొడిమ చూశారు, రంగు పోయిన తాలు కాయలు ఏరి పక్కన పెట్టారు, వాసన చూశారు. "తేజా రకమే, కానీ రెండెండలు తక్కువయ్యాయి" అన్నారు. మావయ్య నోరు మెదపలేదు. మబ్బు పట్టిందని రెండు రోజుల ముందే కల్లం ఎత్తేశామని మా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ రెండెండల తేడా చిన్నది కాదు. తేమ మిగిలిన కాయకు బూజు పడుతుంది, అందులోంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టొచ్చు. ల్యాబులో యంత్రం తేల్చే సంగతిని ఆయన చెవి, వేళ్లు, ముక్కు అర నిమిషంలో తేల్చాయి. ఎలా తెలిసిందండీ అని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, "తెలుస్తుంది బాబూ" అన్నారు. దాచిపెట్టి అన్న మాట కాదు. లక్షల కాయలు ముట్టుకున్న చేతికి తెలిసినదాన్ని నోటితో చెప్పడానికి ఆయన దగ్గర మాటల్లేవు.

అలాంటి పట్టు ఎలా వస్తుందో చదరంగం మీద జరిగిన ఒక ప్రయోగం చెబుతుంది. గుంటూరు పెంటేల హరికృష్ణను, గుడివాడలో పుట్టిన కోనేరు హంపిని ఇచ్చిన ప్రాంతం కనక మనకు చదరంగం పరాయిది కాదు. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ అనే పరిశోధకులు ఆటగాళ్లకు బోర్డును ఐదు సెకన్లు చూపించి, పావుల్ని మళ్లీ పేర్చమన్నారు. నిజమైన ఆటలోని స్థితి అయితే ఆరితేరిన ఆటగాడు, కొత్తవాళ్లు నాలుగు పేర్చేచోట పదహారు దాకా పేర్చాడు. పావుల్ని ఇష్టమొచ్చినట్టు చెల్లాచెదురుగా పెడితే అతనికీ కొత్తవాళ్లకీ పెద్దగా తేడా లేదు. అతనిది గొప్ప జ్ఞాపకశక్తి కాదన్నమాట. ఏళ్ల సాధనలో మనసులో కుదురుకున్న అల్లికలు అవి. అల్లిక ఉన్నచోట చూపు వేగంగా పట్టుకుంటుంది, అల్లిక లేనిచోట ఎవరైనా ఒకటే.

అందుకే మన భాషలో తెలివికి ఒక్క మాట సరిపోలేదనుకుంటాను. ధారణ వేరు, సమయస్ఫూర్తి వేరు. ఇంగితం, లౌక్యం, నేర్పు, ఒడుపు, మెళకువ అన్నీ వేరు. ఒడుపు అన్నది పనిలో దిగినవాళ్లకే వస్తుంది. ఏ పనిలో వచ్చిందో అక్కడే ఉండిపోతుంది, ఎవరో ఒకరు దాన్ని పక్క ఇంటికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే తప్ప.

రైతుబజార్లో ఆ రోజు నేను ఆ పని చేయబోయి ఆగాను. అమ్మమ్మే చేసింది. మనవరాలు మూడు బై నాలుగు ఇంటూ 64 దగ్గర ఆగిపోతే, ఆవిడ నోట్‌బుక్ వైపు చూడకుండానే "ఆ గీత కింద నాలుగు, పైన మూడు అంటే ఏంటే?" అని అడిగింది. "నాలుగు భాగాల్లో మూడు" అంది పిల్ల. "అయితే ముప్పావేగా!" అంది. పిల్ల ఆమె వైపు చూసి, చిక్కుడుకాయల వైపు చూసి, 48 అని రాసింది. తర్వాతి లెక్క ఒకటి బై ఎనిమిది.

"అమ్మమ్మా, పావులో సగం ఎంత?"

"అరపావు. నూట పాతిక గ్రాములు," అంటూ ఆవిడ ఇంకొకరికి కాయలు తూస్తోంది. "ఎనిమిది రూపాయలు."