ధాన్యం పండే సీమలో బియ్యం బస్తా ఎందుకు కొంటున్నాం?

"గోదావరి జిల్లాల వాళ్లు కూడా బియ్యం కొనుక్కు తింటారా?" అని బయటివాళ్లు ఆశ్చర్యపోతుంటారు. కొనుక్కునే తింటారు. సొంత చేను ఉన్న ఇళ్లలో కూడా చాలాచోట్ల కొట్టు బస్తానే. ఆంధ్రాలో ఖర్చులు పెరిగాయన్న మాట రాగానే పెట్రోలు, గ్యాసు, స్కూలు ఫీజులు అంటాం. కానీ డెల్టాలో అసలు కథ చేలో పండేదానికీ కంచంలో పడేదానికీ సంబంధం తెగిపోవడంలో ఉంది.

గోదావరి మీద ఆనకట్ట రాకముందు ఇది అన్నపూర్ణేమీ కాదు. ఒక ఏడు వరద, ఒక ఏడు ఎండు. 1832-33 నందన కరువు కోస్తాని తినేసింది. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాక కాలవలు వచ్చాయి. ఆ కాలవలు పొలానికి నీళ్లివ్వడానికే కాదు, పడవలు తిరగడానికి కూడా తవ్వినవి. ధాన్యం, కొబ్బరికాయలు, ఉప్పు, కలప అన్నీ నీటి మీదే వెళ్లేవి, కిరాయి చాలా తక్కువ. అందుకే మొదట్నుంచీ ఇది అమ్మకానికి పండించే సీమే. అయితే రైతు ముందు ఇంటికి సరిపడా తిండి గింజలు తీసి పక్కన పెట్టుకుని, ఆ తర్వాతే మిగతాది అమ్మేవాడు. కూలీకి కూడా కుంచాలతో కొలిచి గింజలే ఇచ్చేవారు. అందరూ కడుపునిండా తిన్నారని చెప్పడం లేదు, తినలేదు. కాకపోతే బజార్లో ధర పెరిగితే ఆ దెబ్బ నేరుగా కూలివాడి కంచం మీద పడేది కాదు.

ఇంటి ముందు గడ్డితాడు చుట్టి కట్టిన పురి ఉండేది. అందులోంచి నెలకి సరిపడా ధాన్యం తీసి, ఎండబోసి, ఊళ్లో మిల్లుకి పట్టుకెళ్లి ఆడించుకొస్తే బియ్యంతోపాటు నూకా తవుడూ కూడా మనవే. తవుడు గేదెకి, నూక కోళ్లకి, ఇంకొంచెం ఉప్మాకి. ఇప్పుడు కోత మిషన్ దిగితే పచ్చి ధాన్యం చేలోంచి ట్రాక్టర్ ఎక్కి నేరుగా మిల్లుకి పోతోంది. తేమ 17 శాతం దాటితే ధరలో కోత పెడతారని అదొక టెన్షన్, ఆరబెట్టడానికి కల్లం లేదు, రోడ్డే కల్లం. ఇక పురి ఎక్కడ కడతారు?

ఇంకో మలుపు విత్తనం దగ్గర వచ్చింది. 1982లో మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ వచ్చింది, మంచి దిగుబడి ఇచ్చే రకం, సార్వా (ఖరీఫ్) అంతా అదే అయిపోయింది. దాళ్వాలో (రబీలో) చాలా ఊళ్లు కేరళ కోసం బొండాలు అనే లావు గింజ రకం వేస్తాయి, ఇక్కడ ఎవరూ తినరు. తినేది బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, లేదంటే అలాంటి సన్నాలు. మనం పండించేది కేరళకీ ఆఫ్రికాకీ వెళ్తుంటే, మనం తినేది ఇంకో చోటి నుంచి మిల్లర్ ముద్రేసుకుని వస్తోంది.

లెక్క చూడండి. 2025-26కి సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,369, అంటే 75 కిలోల బస్తా సుమారు 1,777. ఆడిస్తే 50 కిలోల బియ్యం. రైతు దగ్గర కిలో బియ్యం విలువ 36 రూపాయల లోపే అన్నమాట, అదీ ఆ ధర నిజంగా చేతికొస్తే. అదే సన్నబియ్యం 2024 జూలైలో ప్రభుత్వమే కనికరించి రైతు బజార్లలో అమ్మిన ధర 48. రకం వేరు, నిజమే. కానీ అమ్మేటప్పుడు ఒక ధర, కొనేటప్పుడు ఒక ధర ఉన్న ఇంట్లో ఆ తేడా భరించేది ఆ ఇల్లే. పైగా 2022 జూలైలో 25 కిలోల వరకూ ప్యాకెట్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేస్తే మిల్లులు 26 కిలోల బస్తాకి మారిపోయాయి. అందుకే ఆ వింత తూకం.

మరి రేషన్ లేదా? ఉంది. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకిచ్చారు, తర్వాత ధర పెరిగింది, 2008లో మళ్లీ రెండు, 2011లో రూపాయి, 2023 నుంచి ఉచితం. ఆకలి మీద అది చేసిన మేలు మాటల్లో చెప్పేది కాదు. కానీ నాలుక సన్నాలకి అలవాటు పడ్డాక ఆ బియ్యం చాలా ఇళ్లలో దోసెల పిండికి పోతోంది, లేదా సందులో తిరిగే వ్యాపారి సంచిలోకి. అది చివరికి ఎక్కడ తేలుతుందో 2024 నవంబర్‌లో కాకినాడ దగ్గర ఓడలో రేషన్ బియ్యం దొరికి జరిగిన రభస చూసినవాళ్లకి తెలుసు.

2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే, అంటే పంటే వేయం అన్నప్పుడు దేశం ఉలిక్కిపడింది, ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ వచ్చింది. గిట్టుబాటు లేదు, మురుగు కాలవలు పూడిపోయాయి, గోదాముల్లో చోటు లేదు. అన్నీ పాత జబ్బులే. దెబ్బ ఎక్కువ తగిలింది కౌలు రైతుకి, ఎందుకంటే మక్తా బస్తాలు (కౌలు కింద భూమి ఆసామికిచ్చే ధాన్యం) ముందే మాట్లాడుకున్నవి, పంట పోయినా తగ్గవు.

ఆ పక్కనే 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చింది. చెరువు లీజు ముందు వరి మక్తా ఎందుకూ పనికిరాలేదు. చేలు చెరువులయ్యాయి, పక్క చేను ఉప్పెక్కింది, మంచినీళ్ల బావుల్లో నీళ్లు నోట పెట్టుకోలేకుండా అయ్యాయి. గోదారి పాయల మధ్య ఊళ్లలో ఇరవై లీటర్ల టిన్ను కొనడం అక్కడ మొదలైంది. ఇప్పుడది పాల ఖర్చులా నెల లెక్కలో ఉండే ఖర్చు.

2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచాక రొయ్య ధర కూడా పడింది. అప్పుడు కొందరు మళ్లీ వరి వేద్దామన్నారు. గట్లు తీసి చదును చేయాలి, ఉప్పు దిగేదాకా మంచినీళ్లు పెట్టి వదలాలి, ఆ ఖర్చు భూమి ఆసామిదా లీజుదారుదా అన్నది పాత అగ్రిమెంట్లలో ఎక్కువగా రాసుకోలేదు.