‘అది’ కాస్తా ‘వాడు’ అయ్యేదెప్పుడు?

ఒక పాఠకురాలు ఇలా రాశారు: “మా వాడికి పదేళ్లు. వీడియో గేముల్లో రోజూ పదుల కొద్దీ శత్రువుల్ని కన్నార్పకుండా మట్టుబెడతాడు, పడిపోయినవాళ్ల మీదనుంచి దూకుతూ వెళ్లిపోతాడు. మొన్న ‘రెక్-ఇట్ రాల్ఫ్’ సినిమా పెడితే, రాల్ఫ్ ఆ పిల్ల కారును పగలగొట్టే చోట వెక్కి వెక్కి ఏడ్చాడు. అవీ బొమ్మలే, ఇవీ బొమ్మలే. అక్కడ రాని ఏడుపు ఇక్కడెందుకొచ్చింది?”

ఇంత మంచి ప్రశ్న నాకు ఈ మధ్య రాలేదు. జవాబు కోసం సినిమా పక్కనపెట్టి ముందు ఒక త్రికోణం దగ్గరికి వెళ్దాం.

సినిమా చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. 2012లో వాల్ట్ డిస్నీ యానిమేషన్ స్టూడియోస్ తీసింది, దర్శకుడు రిచ్ మూర్. ఒక ఆర్కేడ్ గేములో (నాణెం వేసి ఆడే పాతకాలపు వీడియో గేము) ముప్పై ఏళ్లుగా భవనం పగలగొట్టే విలన్ ఉద్యోగం చేసి విసిగిపోయిన రాల్ఫ్, తానూ ఒక పతకం తెచ్చుకుని మంచివాడనిపించుకుందామని వేరే గేముల్లోకి దూరతాడు. అక్కడ వెనెలొపీ అనే అల్లరి పిల్ల దొరుకుతుంది. ఇద్దరూ కలిసి ఒక రేసు కారు తయారుచేస్తారు. ఆ పిల్ల రేసులో దిగితే ఆమెకే ముప్పని ఒకడు చెప్పగా నమ్మి, రాల్ఫ్ ఆ కారును తన చేతులతోనే నుజ్జు చేస్తాడు. అంతకు కాసేపటి ముందే ఆ పిల్ల అతనికి బిస్కెట్‌తో చేసిన పతకం ఇచ్చి ఉంటుంది, ‘నువ్వే నా హీరో’ అని రాసి.

ఇక త్రికోణం. 1944లో అమెరికాలోని స్మిత్ కాలేజీలో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమ్మెల్ అనే మనస్తత్వ పరిశోధకులు ఒక బుల్లి యానిమేషన్ సినిమా తీశారు. పాత్రలు మూడు: పెద్ద త్రికోణం, చిన్న త్రికోణం, చిన్న వృత్తం. వీటితోపాటు తలుపున్న ఒక దీర్ఘచతురస్రం. కళ్లు లేవు, నోళ్లు లేవు, మాటలు లేవు. పెద్ద త్రికోణం బయటికొచ్చి చిన్న త్రికోణాన్ని పదే పదే తాకుతుంది. ఈలోగా వృత్తం ఆ పెట్టెలోకి జారుకుంటుంది. పెద్ద త్రికోణం లోపలికెళ్లి తలుపు మూస్తుంది, వృత్తం మూలమూలకీ జరుగుతుంది. చిన్న త్రికోణం తలుపు తెరుస్తుంది, వృత్తం బయటపడుతుంది, చివరికి రెండూ తెర మీదనుంచి వెళ్లిపోతాయి. మిగిలిన పెద్ద త్రికోణం గోడల్ని ఢీకొట్టి ఢీకొట్టి విరగ్గొడుతుంది.

చివరి వాక్యం మళ్లీ చదవండి. భవనం పగలగొట్టే విలన్! రాల్ఫ్ తాతగారు 1944లోనే ఉన్నారన్నమాట.

ఈ సినిమాను 34 మంది విద్యార్థినులకు చూపించి, ఏం జరిగిందో రాయమన్నారు. ‘ఒక త్రికోణం కుడివైపు జరిగింది, ఒక రేఖ తెరుచుకుంది’ అన్న ధోరణిలో ఆకారాల భాషలోనే రాసింది వాళ్లలో ఒక్కరు. మిగతావాళ్లు రాసింది కథ. పెద్దది రౌడీ, చిన్నది ధైర్యవంతుడు, వృత్తం భయపడ్డ అమ్మాయి. మనసులున్నాయని వాళ్లకెవరూ చెప్పలేదు. ‘ఏం జరిగింది?’ అని మాత్రమే అడిగారు.

దీన్ని నేను క్లాసులో చాలాసార్లు చేశాను, సినిమా లేకుండానే. పాత ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ గాజు మీద అట్టముక్కలు పెట్టి, సన్నటి పుల్లతో జరుపుతాను. త్రికోణాన్ని ఒకే వేగంతో వృత్తం దాకా తీసుకెళ్తే ఎవరూ ఉలకరు, పలకరు. రెండోసారి అదే దారి. కానీ వృత్తానికి నాలుగు వేళ్ల దూరంలో ఆపుతాను. ఒక అరక్షణం. తర్వాత వృత్తాన్ని చటుక్కున కొంచెం వెనక్కి లాగుతాను. ఎక్కడో ఒక మూల నుంచి “పాపం” అని వినపడుతుంది. ప్రతి బ్యాచ్‌లోనూ వినపడింది. అట్టముక్క అదే, దారి అదే, కొత్తగా చేర్చింది ఒక ఆగడం, ఒక వెనుకడుగు.

ఇక్కడ మన భాష ఒక అద్భుతమైన కొలబద్ద ఇస్తుంది. ఇంత సులువైన పరికరం ఏ ప్రయోగశాలలోనూ ఉండదని నా గట్టి నమ్మకం. మొదట పిల్లలు “రెండు త్రికోణాలు ఉన్నాయి” అంటారు. నిమిషం గడిచేసరికి అదే నోటితో “ఇద్దరూ కొట్టుకున్నారు” అంటారు. ‘రెండు’ ఎక్కడ పోయింది? ‘ఉన్నాయి’లోని ‘యి’ స్థానంలోకి ‘రు’ ఎవరు తెచ్చారు? తెలుగులో వస్తువులు రెండు, మనుషులు ఇద్దరు. వస్తువులు వెళ్తాయి, మనుషులు వెళ్తారు. అంటే క్రియ చివర పలికే ఒక్క అక్షరం, మెదడు ఆ ఆకారాన్ని ఏ డబ్బాలో వేసిందో చెప్పేస్తోంది. ‘అది వచ్చింది’ కాస్తా ‘వాడొచ్చాడు’ అయిన క్షణాన్ని గడియారం పట్టుకుని నమోదు చేసుకోవచ్చు. (ఏకవచనంలో స్త్రీలకీ వస్తువులకీ మన వ్యాకరణం ఒకే క్రియ పెట్టింది కాబట్టి, “వృత్తం పారిపోయింది” అంటే దాన్ని ఆడపిల్ల అనుకున్నారో అట్టముక్క అనుకున్నారో తేలదు. ఆ సంగతి మీద నాకు వ్యాకరణంతో తగాదా ఉంది, ఇంకోసారి.)

చిన్న తరగతుల్లో ‘సజీవులు, నిర్జీవులు’ పాఠంలో పిల్లలు బస్సును సజీవి అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేస్తాం. “కదిలితే ప్రాణమున్నట్టు కాదు” అని బట్టీ పట్టిస్తాం. పిల్లలు సూర్యుణ్నీ సైకిల్‌నీ ప్రాణమున్నవంటారని పిల్లల ఆలోచనను పరిశీలించిన మనస్తత్వవేత్త జాన్ పియాజే 1920లలోనే గమనించాడు. నా అభ్యంతరమల్లా ఒక్కటే. పిల్లవాడి జవాబు తప్పు కావచ్చు, కానీ ఆ తప్పు పుట్టిన చోటు చాలా లోతైనది. పుట్టి రెండు రోజులైన శిశువులు కూడా, అడ్డదిడ్డంగా కదిలే చుక్కలకన్నా ఒక కోడి నడకలా కదిలే చుక్కలనే ఎక్కువసేపు చూశారని 2008లో ఇటలీ పరిశోధకులు ప్రచురించారు. గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన కోడిపిల్లలూ అంతే. ప్రాణి కదలికను పసిగట్టే ఈ యంత్రం మనకు పుట్టుకతోనే బిగించి ఉంది.

దాన్ని ఆపేసే మీట మాత్రం లేదు. రాత్రిపూట దండెం మీద చీర ఊగితే ఒళ్లు జలదరించేది అందుకే. దయ్యాలమీద నమ్మకం లేనివాడికీ ముందు జలదరింపు వస్తుంది, ఆ తర్వాతే ‘గాలి’ అన్న ఆలోచన వస్తుంది. చీరను దయ్యమనుకుంటే పోయేదేమీ లేదు. పొదలో కదిలిన పులిని గాలి అనుకున్నవాడు మాత్రం మనకు పూర్వీకుడు అయ్యుండడు.

దయ్యాలంటే గుర్తొచ్చింది. రాల్ఫ్ సినిమాలో విలన్లందరూ గుండ్రంగా కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునే సభ ఒకటుంది. చోటు ప్యాక్-మ్యాన్ గేములో (చిక్కుదారుల్లో చుక్కలు తింటూ పోయే ప్యాక్-మ్యాన్‌ని దయ్యాలు తరిమే ఆట) నడిమధ్య గది. సభను నడిపేది క్లైడ్ అనే నారింజ రంగు దయ్యం. జనం ఘొల్లున నవ్వే దృశ్యం అది. కానీ ఆ కుర్చీలో క్లైడ్‌నే కూర్చోబెట్టడం నాకు భలే నచ్చింది. ఎందుకో చెప్పాలంటే ఆ దయ్యం బుర్ర విప్పి చూడాలి.

ప్యాక్-మ్యాన్ 1980 నాటి ఆట. జపాన్‌లోని నామ్కో కంపెనీలో తొరు ఇవతాని రూపొందించాడు. నాలుగు దయ్యాలకీ ఒకే ఆకారం, అవే కళ్లు, రంగు ఒక్కటే తేడా. అయినా ఆడినవాళ్లకి నాలుగూ నాలుగు రకాల మనుషులు. కారణం గడుల లెక్క. తెర 28 నిలువు వరుసలు, 36 అడ్డు వరుసల గడులు. తరిమేటప్పుడు ప్రతి దయ్యానికీ ఒక గురి గడి ఉంటుంది. దారులు చీలేచోట, ముందున్న గడుల్లో గురికి సరళరేఖలో ఏది దగ్గరో చూసి అటు తిరుగుతుంది. తనంతట తాను వెనక్కి మళ్లకూడదు. దాని తెలివంతా ఇంతే. ఎర్ర బ్లింకీకి గురి, ప్యాక్-మ్యాన్ నిలబడ్డ గడి. గులాబీ పింకీకి, ప్యాక్-మ్యాన్ ముఖం తిప్పిన దిక్కులో నాలుగు గడుల ముందు. నీలం ఇంకీ లెక్క కాస్త వంకర. ప్యాక్-మ్యాన్‌కి రెండు గడుల ముందున్న బిందువు దాకా బ్లింకీ నుంచి గీత గీసి, ఆ గీతను అంతే పొడవు ముందుకు పొడిగిస్తే వచ్చే గడి.

క్లైడ్‌కి ఒకే షరతు. ప్యాక్-మ్యాన్ ఎనిమిది గడులకన్నా దూరంలో ఉంటే గురి ప్యాక్-మ్యాన్. అంతకన్నా దగ్గరైతే గురి ఎడమవైపు కింది మూల. మనం అతనికి ఆరు గడులు పక్కకి, ఆరు గడులు పైకి ఉన్నామనుకోండి. దూరం కోసం రెండింటి వర్గాలూ కలపాలి. 36, 36 కలిపితే 72, వర్గమూలం దాదాపు 8.5. కాబట్టి మన మీదకి వస్తాడు. ఒక్క గడి దగ్గరికొచ్చాడు, ఐదు పక్కకి, ఆరు పైకి. 25, 36 కలిపి 61, వర్గమూలం 7.8. అంతే, మూలకేసి తిరిగిపోతాడు. దూరమయ్యాక మళ్లీ ధైర్యం వస్తుంది, వస్తాడు. మళ్లీ బెదిరిపోతాడు. చూశారా, ‘తిరుగుతుంది’ అని మొదలుపెట్టిన నేనే ‘వస్తాడు’, ‘బెదిరిపోతాడు’ దాకా వచ్చేశాను. 8.5కీ 7.8కీ మధ్య ఒక పిరికివాడు పుట్టాడు! క్లైడ్‌కి భయమూ లేదు, ధైర్యమూ లేదు, ఉన్నది ఒక పోలిక మాత్రమే. మీదకొచ్చి తిరిగిపోయే విలన్‌ని విలన్ల సభకి పెద్దను చేశారంటే, సినిమావాళ్లలో ఎవరో ఈ ఆటను చాలా శ్రద్ధగా ఆడి ఉంటారని నా అనుమానం.

అదే సినిమాలో రాల్ఫ్ పగలగొట్టే భవనంలోని బుడ్డ మనుషులు గుర్తున్నారా? పాత ఆటల్లోలాగా ఠక్కుఠక్కుమని ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకి దూకుతుంటారు. మధ్య కదలిక ఉండదు. నిజం చెయ్యి ఒక వస్తువు కోసం చాచినప్పుడు మెల్లగా మొదలై, నడుమ వేగమందుకుని, చివర మళ్లీ నెమ్మదిస్తుంది. వేగాన్ని గీస్తే గంట ఆకారం వస్తుంది. ఆ మనుషులకి ఆ గంట కోసేశారు. రాల్ఫ్‌కి ఉంచారు. అందుకే వాళ్లు పరిగెత్తితే నవ్వొస్తుంది, రాల్ఫ్ భుజాలు వాలిస్తే నవ్వు రాదు.

ఇదంతా మెదడులో ఒక చోట జరిగే పని కాదు. అయినా ఒక ఆధారం చెప్పాలి. మెదడులో భయం లాంటి భావాలతో ముడిపడిన అమిగ్డలా అనే భాగం రెండువైపులా దెబ్బతిన్న ఒక మహిళకు త్రికోణాల సినిమా చూపించిన వివరాలు 2004లో వెలువడ్డాయి. ఆమె చూపు బాగానే ఉంది, కదలికలన్నీ పట్టుకుంది. మనుషుల వ్యవహారాలూ తెలుసు. కానీ తనంతట తాను చెప్పింది మాత్రం ఆకారాలూ, దిక్కులే. కొట్లాట లేదు, భయం లేదు. మనకు తెర మీద కనపడుతుందనుకునే ‘కథ’ తెర మీద లేదని ఇంతకన్నా తేటగా చెప్పే సాక్ష్యం నాకు తెలియదు.

ఉత్తరం రాసినావిడకు ఇప్పుడు జవాబు. ఆటలో మీవాడికి శత్రువుల మనసులు కనపడక కాదు. “వాడు నన్ను తరుముతున్నాడు” అంటాడు కదా, మనసు అంటగట్టినట్టే. కానీ ఆ మనసుల లోతు అంతే, తరమడం, తప్పుకోవడం. చేతిలో బటన్లున్నాయి, కథకి ఇరుసు తానే, మిగతావాళ్లు అడ్డాలు. సినిమాలో చేతులు ఖాళీ. పైగా ఆ కారు దృశ్యంలో ఒకదానిలో ఒకటి ఇమిడిన మనసులున్నాయి. పిల్లకు మేలు చేస్తున్నాననుకుంటున్నాడు రాల్ఫ్. అతను మోసం చేశాడనుకుంటోంది పిల్ల. ఆమె అలా అనుకుంటోందని రాల్ఫ్‌కి తెలుసు, తెలిసే కొడుతున్నాడు. ఎదుటివాళ్ల మనసులో తనకు తెలిసిన నిజానికి భిన్నమైన నమ్మకం ఉండొచ్చని గ్రహించడం పిల్లలకి నాలుగేళ్లప్పుడు మొదలవుతుందని 1983లో విమ్మర్, పెర్నర్‌ అనే మనస్తత్వ పరిశోధకులు చూపించారు. మీవాడికి పదేళ్లు. మూడు అంతస్తులూ ఒకేసారి మోస్తున్నాడు. ఆపడానికి బటన్ లేదు. ఏడవక ఏం చేస్తాడు?

థియేటర్లో అయితే శరీరం చేసే పని గాలిలోకే ఎక్కుతుంది. జర్మనీలోని మైన్జ్‌లో 108 సినిమా ఆటలకి హాలు గాలిని కొలిచారు. ప్రేక్షకులు దాదాపు 9,500 మంది. ఉత్కంఠ దృశ్యాల్లో ఐసోప్రీన్ (మన ఊపిరితో బయటికొచ్చే ఒక వాయువు), కార్బన్ డయాక్సైడ్ పెరుగుతున్నాయి. జనం కండరాలు బిగబట్టి, ఊపిరి మార్చి, కుర్చీల్లో కదులుతున్నారన్నమాట. అదే సినిమా ఇంకో ఆటలోనూ అదే చోట ఆ ఎగుడుదిగుళ్లే.

ఒకసారి క్లాసులో హైడర్, సిమ్మెల్‌ల అసలు సినిమానే వేశాను. అందరూ పెద్ద త్రికోణాన్ని తిట్టడం అయ్యాక, ఎప్పుడూ మాట్లాడని ఒక అబ్బాయి చెయ్యెత్తాడు.

“సార్, మొదట తలుపు తీసుకుని లోపలికెళ్లి తలుపేసుకున్నది పెద్దోడే కదా. ఇల్లు వాడిదేనేమో. వీళ్లిద్దరూ వచ్చి వాడి గుమ్మం దగ్గర తిరిగారు. తర్వాత వాణ్ని లోపల పెట్టి తలుపేశారు.”

మళ్లీ మొదటికి తిప్పాను. నిజమే. ఇన్నేళ్లుగా చూస్తున్నా నా కళ్లకు ఆ ముక్క ఆనలేదు. రాల్ఫ్ ఉంటున్న చెట్టు మొద్దును బుల్డోజర్‌తో తోసేసి ఆ భవనం కట్టారని సినిమా మొదట్లోనే చూపిస్తారు. అదీ నాకు అప్పుడే గుర్తొచ్చింది.

రెండోసారి చివరి దృశ్యం వచ్చింది. ఇద్దరూ వెళ్లిపోయారు, త్రికోణం గోడల్ని ఢీకొడుతోంది. ఈసారి “పాపం” అన్నది ముందు బెంచీ.