తుమ్మిడిహెట్టి ఎత్తు తగ్గింది, సిరోంచ మునిగింది

2024 నవంబరు 20న మహారాష్ట్ర అసెంబ్లీ ఎన్నికల పోలింగ్. ఆ రాష్ట్రం తూర్పు కొసన ఉన్న అహేరి నియోజకవర్గంలో తండ్రీకూతుళ్ల పోటీ అని హైదరాబాద్ దాకా వార్త పాకింది. అప్పటి మంత్రి ధర్మరావు బాబా ఆత్రం ఎన్సీపీలో అజిత్ పవార్ వర్గం అభ్యర్థి, కూతురు భాగ్యశ్రీ శరద్ పవార్ వర్గం అభ్యర్థి. ధర్మరావుకు వరసకు కొడుకయ్యే మాజీ మంత్రి అంబరీష్‌రావు ఇండిపెండెంట్‌గా దిగారు. అహేరి రాజుగారి ఇంటి గొడవ చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ తెలుగు మాట్లాడే సిరోంచ తాలూకాలో ప్రచారం ఎటు తిరిగినా, కాళేశ్వరం ప్రాజెక్టు కోసం తెలంగాణ గోదావరి మీద కట్టిన మేడిగడ్డ బ్యారేజీ దగ్గరికే వచ్చి ఆగింది.

బ్రిటిష్ కాలంలో సిరోంచ ఒక జిల్లాకే కేంద్రమన్న సంగతి, 1874లో దాన్ని చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో కలిపేసిన సంగతి అక్కడ ఎవరినడిగినా చెబుతారు. ఇప్పటి కోపానికి మూలం అంత వెనక లేదు, 2016లోనే ఉంది.

ఆ ఏడాది మార్చిలో తెలంగాణ, మహారాష్ట్ర ముంబయిలో అంతర్రాష్ట్ర బోర్డు ఏర్పాటుకు ఒప్పుకున్నాయి. మే 2న కేసీఆర్ మేడిగడ్డ ప్రాజెక్టుకు భూమిపూజ చేశారు. నీళ్లు ఏ ఎత్తు దాకా నిలపాలో తేలి, అప్పటి ముఖ్యమంత్రులు ఫడ్నవీస్, కేసీఆర్ సమక్షంలో సంతకాలు పడ్డది మాత్రం ఆగస్టు 23న. అంటే కొబ్బరికాయ ముందు కొట్టి, పక్క రాష్ట్రంలో ఎవరి పొలం ఎంత మునుగుతుందో తర్వాత మాట్లాడుకున్నారు. మర్నాడు బేగంపేటలో కేసీఆర్‌కు డప్పులతో స్వాగతం. సిరోంచలో ఆ రోజు పండగేమీ లేదు.

అసలు బేరం మేడిగడ్డ గురించి మొదలైంది కాదు. ఎగువన ప్రాణహిత మీద తుమ్మిడిహెట్టి దగ్గర, సముద్రమట్టం నుంచి 152 మీటర్ల ఎత్తు దాకా నీళ్లు నిలిపే బ్యారేజీ కట్టాలన్నది పాత ప్రాణహిత-చేవెళ్ల ఎత్తిపోతల ప్లాను. ముంపు ఎక్కువని మహారాష్ట్ర 148 దగ్గర పట్టుబట్టింది. ఆ నాలుగు మీటర్ల మీద ఏళ్లు గడిచాక తెలంగాణ బరువంతా దిగువకు, గోదావరి మీద మేడిగడ్డకు మార్చింది. తుమ్మిడిహెట్టిలో నీటి లభ్యత చాలదని కేంద్ర జల సంఘమే చెప్పిందని హైదరాబాద్ వాదన. సరే. కానీ ఎగువ గ్రామాల ముంపు గురించి ముంబయి పట్టిన పట్టు, మేడిగడ్డ అవతలి ఒడ్డు గురించి ఎందుకు పట్టలేదని సిరోంచ వాళ్లు 2016 నుంచి అడుగుతున్నారు. మేడిగడ్డకు 100 మీటర్లు చాలని రాసుకున్నారు. ఆ గీతకు లోపల ఉన్న పొలానికి డబ్బు, బయట ఉన్న పొలానికి ఏమీ లేదు.

గోదావరి గీత చూసుకుని పారదు కదా. వానాకాలంలో నీళ్లు హద్దురాళ్లు దాటి మిరప, పత్తి చేలల్లో రోజుల తరబడి నిలిచిపోతున్నాయని, తీశాక ఇసుక మేట మిగులుతోందని ఎగువ గ్రామాల ఫిర్యాదు. గేట్లు ఎత్తితే ఒడ్డు కోసుకుపోతోందని దిగువ వాళ్లది. 2022 జులైలో, మేడిగడ్డ నీళ్లు ఎత్తిపోసే కన్నెపల్లి పంపుహౌసు మునిగిన వార్త తెలంగాణ అంతా చూసింది. అదే వరద నదికి సిరోంచ వైపు ఊళ్లను ఖాళీ చేయించింది. ఆ నవంబరులో రైతులు సిరోంచలో రిలే దీక్షలకు కూర్చున్నారు. వాళ్లు అడిగిందల్లా పెండింగ్‌లో పడ్డ భూసేకరణ పూర్తి చేసి డబ్బు ఇవ్వమని.

ఆ డబ్బు కోసం తిరిగే రైతు చేతి సంచీలో ఏముంటుందో చూస్తే సంగతి అర్థమవుతుంది. సాత్‌బారా (భూమి హక్కుల పత్రం) నకలు, తలాఠీ (గ్రామ రెవెన్యూ ఉద్యోగి) రాసిన పంచనామా, ఇసుక మేట ఫోటోలు. కాగితాలన్నీ మరాఠీలో ఉంటాయి, గోడు తెలుగులో చెప్పుకోవాలి. కలెక్టర్ ఆఫీసు ఉన్న గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్లు. ఆలాపల్లి దాకా రోడ్డు సంగతి అడక్కండి. అందుకే జబ్బు చేస్తే నదుల మీది వంతెనలు దాటి వరంగల్‌కో మంచిర్యాలకో పోతారు.

ఇక అభివృద్ధి. గడ్చిరోలి గురించి ముంబయిలో ఎవరు మాట్లాడినా సూర్జాగఢ్ ఇనుప ఖనిజం, కోన్సరి స్టీల్ ప్లాంటు. రెండూ జిల్లాలో పైవైపున ఉన్నాయి. సిరోంచకు పడమర ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. మూడు నదుల మధ్య ఉండి కూడా కూలీలు ఏటా మిరప ఏరడానికి తెలంగాణకు పోతారు. అక్కడ 2018 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు, రైతుబంధు (2025 నుంచి రైతు భరోసా). వంతెన మీద నిలబడి చూస్తే ఎవరికైనా కడుపు మండుతుంది.

ఓట్ల లెక్కలో ఈ కోపం ఎవరికి తగలాలి? ఒప్పందం నాడు జిల్లా ఇన్‌ఛార్జి మంత్రి అంబరీష్‌రావు. ఆయన పదవి 2019 జూన్ 16న పోయింది. ఐదు రోజులకు, జూన్ 21న, మేడిగడ్డ ప్రారంభోత్సవానికి ఫడ్నవీస్ అతిథిగా వచ్చారు. ఆ ఏడాదే గెలిచిన ధర్మరావు బాబా మొదట అధికారపక్షం, 2022 జూన్ తర్వాత ప్రతిపక్షం, 2023 జులై నుంచి ఎన్నికల దాకా అదే ఫడ్నవీస్‌తో కలిసి మంత్రి. భాగ్యశ్రీ చేరిన శరద్ పవార్ పక్షంలోనే ధర్మరావు 2023 దాకా ఉన్నారు. మేడిగడ్డ పాపం ఫలానా వాళ్లదని వేలు చూపించడానికి ముగ్గురికీ మొహమాటమే.

2023 అక్టోబరు 21న బ్యారేజీ ఏడో బ్లాకు పియర్లు (స్తంభాలు) కుంగాక విషయం ఇంకా వంకర తిరిగింది. జాతీయ డ్యామ్ సేఫ్టీ అథారిటీ సలహా మీద గేట్లు ఎత్తే ఉంచారు, నీళ్లు నిలపడం లేదు. నిలపనప్పుడు ముంపెక్కడిది అనడానికి అధికారులకు వీలు దొరికింది. పోయిన నాలుగు పంటల సంగతేమిటని రైతులు. తెలంగాణ వేసిన జస్టిస్ ఘోష్ కమిషన్ హైదరాబాద్‌లో విచారించింది కట్టుబడి, నిర్వహణ లోపాలను. అవతలి ఒడ్డు పరిహారం దాని పని కాదు.

ఈలోగా రేవంత్ రెడ్డి ప్రభుత్వం తుమ్మిడిహెట్టి మాట మళ్లీ ఎత్తింది. దానికి మహారాష్ట్ర ఒప్పుకోవాలి. 2024 నవంబరు 23న ఎన్నికల ఫలితాలు వచ్చాయి. ముంబయిలో ఎవరు గద్దె మీదున్నా తెలంగాణ వాళ్లు ఆ ఎత్తు గురించి మాట్లాడటానికి వస్తారు. ఆ బేరానికి కూర్చునేముందు 2016 నాటి బాకీ తీర్చమని అడగాలన్నది సిరోంచ డిమాండు. ముగ్గురు అభ్యర్థుల్లో ఎవరు అడుగుతారో ఓటర్లు 20న మధ్యాహ్నం 3 లోపే తేల్చుకోవాల్సి వచ్చింది. మావోయిస్టు ప్రాంతమని అక్కడ పోలింగ్ అంతవరకే పెట్టారు.