లైలాక్ పూయలేదంటే తప్పు చలిది కాదు: అపోహలు, వాస్తవాలు

అమెరికాలో డెట్రాయిట్ శివార్లలోని ఒక నర్సరీలో పొదల విభాగం చూసుకోవడం మొదలుపెట్టి నాకు 14 ఏళ్లయింది. ఏటా మే నెల మూడో వారంలో, వీధులన్నీ గుత్తులుగా పూసే లైలాక్ పొదల వాసనతో నిండి ఉన్న రోజుల్లో, చుట్టుపక్కల ఊళ్లైన నోవై నుంచో ట్రాయ్ నుంచో మన తెలుగువాళ్లు ఒకరిద్దరైనా ఫోన్లో ఫొటో తీసుకుని వస్తారు. ఫొటోలో ఆకులు నిగనిగలాడుతుంటాయి, పొద బంతిలా గుండ్రంగా ఉంటుంది, పువ్వు మాత్రం ఒక్కటీ ఉండదు. "మా ఇంటి వెనక చలిగాలి ఎక్కువండీ, మొగ్గలు మాడిపోయినట్టున్నాయి" అని కారణం కూడా వాళ్లే చెబుతారు. ఆ గుండ్రని ఆకారం చూడగానే నాకు అసలు సంగతి తెలిసిపోతుంది.

అపోహ: చలికాలానికి ముందు కొమ్మలన్నీ కత్తిరిస్తే వసంతంలో చిగురు బలంగా వచ్చి పూలు విరగబూస్తాయి.

వాస్తవం: లైలాక్, ఫోర్సీథియా, మాగ్నోలియా, రోడోడెండ్రాన్ వంటి వసంతంలో పూసే మొక్కలు పూమొగ్గను ఆ వసంతంలో కట్టవు. నిరుటి పూలు రాలిపోయిన కొద్ది వారాలకే, వేసవిలో, కొమ్మల మీద మొగ్గలు తయారుచేసుకుని, వాటిని మోస్తూనే చలికాలం గడుపుతాయి. అక్టోబరులో ఆ కొమ్మల కొసలు కత్తిరించినవారు, ఏడు నెలల తరువాత రావలసిన పూలగుత్తులను తమ చేతులతోనే చెత్తసంచిలో వేస్తున్నారు. లైలాక్ మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ దాటిన చలిని కూడా తట్టుకునే పొద. చలి సరిపోని వెచ్చటి ప్రాంతాలలోనే అది సరిగా పూయదు. మాకంటే చాలా ఉత్తరాన, చలికాలంలో మంచులో మునిగి ఉండే మాకినా ద్వీపంలో ఏటా జూన్‌లో లైలాక్ ఉత్సవం జరుగుతుంది. మన పెరట్లో పూయనివ్వని చలి అక్కడ ఎలా పూయనిస్తోందో ఆలోచించండి.

ఈ అపోహ ఎక్కడ పుట్టిందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేను దానిలోనే పెరిగాను. మా మేనమామకు మైలవరం దగ్గర మల్లెతోట ఉండేది. డిసెంబరు, జనవరి నెలల్లో తోటకు నీళ్లు ఆపి, ఆకు రాల్చి, పొదలను మోకాలెత్తుకు కత్తిరించేవారు. ఆ తరువాత ఎరువు వేసి నీళ్లు పెడితే కొత్త చిగుళ్లు వచ్చి, వాటి చివర్లలో మొగ్గ కట్టి, ఎండాకాలమంతా కోతకు వచ్చేది. మల్లె కొత్త చిగురు మీద పూస్తుంది కనుక దానికి కత్తిరింపే ప్రాణం. అంటే మనవాళ్లకున్న తోటపని జ్ఞానం తప్పుడుది కాదు, అది వేరే మొక్కకు సంబంధించినది. ఈ మాట చెప్పకుండా "మీకు తెలియదు, కత్తిరించకండి" అని మందలించేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. అంతకంటే కోపం తెప్పించేది, వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి సెప్టెంబరులో తిరిగే "చలికాలానికి ముందు అన్ని మొక్కలూ అడుగెత్తుకు కొట్టేయండి" అనే సలహా. ఏ మొక్కో చెప్పని కత్తిరింపు సలహాను దయచేసి ఎవరికీ పంపకండి.

కొన్నేళ్ల క్రితం మార్చి చివర్లో, ఖమ్మం నుంచి కొడుకు దగ్గరికి వచ్చి స్థిరపడిన ఒక పెద్దావిడ నర్సరీకి వచ్చారు. మూడేళ్లుగా తన లైలాక్ పూయడం లేదని, "పీకేసి ఇంకోటి పెట్టుకోమంటావా తల్లీ?" అని అడుగుతుంటే ఆవిడ గొంతు వణికింది. ఆ పొదను ఆవిడ మనవరాలు పుట్టిన ఏడాది నాటారట. "ఏటా దసరా వెళ్లగానే శుభ్రంగా కత్తిరిస్తున్నానమ్మా, లోపం ఏమీ చేయలేదు" అన్నారు. "పిన్నిగారూ, ఇటు రండి" అని ఆవిడను కుండీలోని ఒక లైలాక్ దగ్గరికి తీసుకెళ్లి కొమ్మ చివర చూపించాను. అక్కడ ఎదురెదురుగా రెండు మొగ్గలు, ఉబ్బి, శనగగింజంత లావున ఉన్నాయి. కొంచెం కింద ఉన్నవి సన్నగా, మొనదేలి ఉన్నాయి. లావుపాటి మొగ్గ ఒకటి తుంచి బ్లేడుతో నిలువునా కోస్తే, గోధుమరంగు పొలుసుల మధ్య ఆవగింజల కంటే చిన్నవైన ఆకుపచ్చ పూసలు ఒకదానికొకటి ఆనుకుని, చిన్న కంకిలా కనిపించాయి. మేలో విచ్చుకోవలసిన పూలగుత్తి మొత్తం మార్చి మంచులోనే దానిలో సిద్ధంగా ఉంది. ఆవిడ కళ్లజోడు సరిచేసుకుని చాలాసేపు చూసి, "అయ్యో, వీటినేనా నేను కోసేస్తున్నది?" అన్నారు.

లైలాక్‌ను కత్తిరించాలనుకుంటే పూలు వాడిన రెండు మూడు వారాలలోపే ఆ పని పూర్తి చేయాలి. జులై వచ్చిందంటే కత్తెర లోపల పెట్టేయాలి. పొద మరీ ముసలిదై ఎత్తు పెరిగిపోతే, బాగా ముదిరిన కాండాలలో మూడో వంతు చొప్పున మూడేళ్లపాటు నేల మట్టానికి కోస్తూ వస్తే, పూలు పూర్తిగా ఆగకుండానే పొద కొత్తదవుతుంది. కత్తిరించకపోయినా పూయని పొదలు ఉంటాయి. వాటికి రోజూ కనీసం ఆరు గంటల ఎండ తగులుతోందా, పక్కనున్న పచ్చికకు వేసే, పూలకు బదులు ఆకులనే పెంచే నత్రజని ఎరువు వాటి వేళ్లకు చేరుతోందా అని చూడాలి. కొత్తగా నాటిన చిన్న మొక్కయితే మూడు నుంచి ఐదేళ్లు ఓపిక పట్టడం తప్ప చేయవలసింది లేదు.

హైడ్రేంజియా విషయం ఇంత సూటిగా ఉండదు, అక్కడ చలికి కూడా పాత్ర ఉంది. నీలం, గులాబీ రంగు గుత్తులు పూసే పెద్దాకు రకం పాత కొమ్మల మీదే పూస్తుంది. 'మా జోన్‌కు పనికొస్తుందని లేబుల్ మీద రాసి ఉంది, మరి ఎందుకు పూయదు?' అని అడుగుతారు. చలిని బట్టి ప్రాంతాలను విభజించే జోన్ పటం ఒక ప్రాంతంలో ఏటా నమోదయ్యే అత్యల్ప ఉష్ణోగ్రతల సగటును మాత్రమే చెబుతుంది. ఆ చలికి మొక్క బతుకుతుందని దాని అర్థం. పైకొమ్మ మీది మొగ్గ బతుకుతుందని కాదు, ఏప్రిల్‌లో వచ్చే ఆఖరి గడ్డకట్టే రాత్రిని తట్టుకుంటుందని అంతకంటే కాదు. అందుకే నవంబరులో దాని చుట్టూ తీగవల కట్టి ఎండుటాకులు నింపండి. ఏప్రిల్‌లో ఆ కొమ్మలు ఎండుపుల్లల్లా కనిపించినా కోయకండి. మే చివరికి ఎక్కడ ఆకు వస్తుందో చూసి, దానికి పైన ఎండిన భాగం మాత్రమే తీసేయండి. 2004లో మార్కెట్లోకి వచ్చిన 'ఎండ్‌లెస్ సమ్మర్' వంటి రకాలు కొత్త చిగురు మీద కూడా పూస్తాయి కనుక, చలి దెబ్బ తిన్నా వేసవిలో కొన్ని పూలైనా ఇస్తాయి. తెల్లని 'ఆనబెల్', శంఖువు ఆకారపు గుత్తులు పూసే పానిక్యులాటా రకాలు పూర్తిగా కొత్త చిగురు మీదే పూస్తాయి. వాటిని మార్చిలో నిశ్చింతగా కత్తిరించుకోవచ్చు, మన మల్లె పద్ధతి వాటికి సరిపోతుంది.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. ట్యులిప్ మొలకల మీద ఏప్రిల్‌లో మంచు కురిస్తే దుంపలు చచ్చిపోవు. వాటికి 12 నుంచి 16 వారాల చలి ఎలాగూ కావాలి. దుంపలను ఫ్రిజ్‌లో ఉంచేవారు ఆపిల్ పండ్లకు దూరంగా ఉంచాలి, ఆ పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు లోపలి పూమొగ్గను పాడుచేస్తుంది. పియోనీ మొగ్గ విచ్చుకోవడానికి చీమలు అవసరం లేదు, అవి మొగ్గ మీది తీపి రసానికి వస్తాయి, హాని చేయవు. పియోనీ పూయకపోతే దాని దుంప కళ్లు, అంటే చిగురు వచ్చే మొగ్గలు, 5 సెంటీమీటర్ల కంటే లోతుకు వెళ్లాయేమో చూడండి. మనవాళ్లు ఇష్టపడి కొనే చలి మందారం (చలిని తట్టుకునే 'హార్డీ హైబిస్కస్') చలికాలంలో నేల మట్టం దాకా ఎండిపోయి, మే చివరిదాకా, ఒక్కోసారి జూన్ దాకా చిగురు చూపదు. అది చచ్చిందనుకుని ఏప్రిల్‌లో తవ్వి పారేసినవారు ఎందరో ఉన్నారు. పాత కాండాలను జానెడు ఎత్తున వదిలేస్తే అది ఎక్కడుందో గుర్తుంటుంది.

ఇప్పటికే లైలాక్‌ను కత్తిరించేసినవారు కంగారుపడి పీకేయకండి, ఎరువు కుమ్మరించకండి. పొదకు ఏ హానీ జరగలేదు, ఈ వసంతపు పూలు మాత్రమే పోయాయి. వేసవిలో వానలు లేని వారాల్లో నీళ్లు పెట్టి వదిలేయండి, ఆగస్టు చివర్లో కొమ్మల కొసలు వేళ్లతో తడిమి చూడండి. లావుపాటి మొగ్గల జత చేతికి తగిలితే వచ్చే మేలో పూలు ఉన్నట్టే.