జోలె పట్టి కట్టిన బడి: చైనా పల్లెల్లో విరాళాల చదువు వెనుక కథ

ఏటా వేసవిలో చైనా యూనివర్సిటీ విద్యార్థులు జట్లు జట్లుగా గ్వీజౌ, యున్నాన్, గాన్సూ లాంటి రాష్ట్రాల కొండపల్లెలకు బయలుదేరతారు. ఒకే రంగు టీషర్టులు, చేతిలో ఒక జెండా, సంచుల నిండా రంగు పెన్సిళ్లు. రెండు మూడు వారాలు ఊరి బడిలో పాటలు, బొమ్మలు, ఇంగ్లిషు నేర్పుతారు. చివరి రోజు పిల్లలు ఏడుస్తారు, వచ్చినవాళ్లూ ఏడుస్తారు, బస్సు కదిలిపోతుంది. ఈ పనిని చైనీయులు 'జిజ్యావ్' అంటారు. చదువుకు ఆసరాగా నిలవడం అని అర్థం. మన దగ్గర విద్యా వాలంటీరు అంటే నెలకింత అని తీసుకుని ఖాళీ పోస్టులో పనిచేసే స్థానికులు గుర్తొస్తారు. ఇది వేరు. ఊరికి ఏమీ కాని మనిషి ఎక్కడినుంచో వచ్చి పాఠం చెప్పి వెళ్లడం ఇది.

వాళ్లు పాఠం చెప్పే బడి గోడ మీద చాలాచోట్ల ఒక పలక ఉంటుంది. కట్టించిన దాత పేరు, సంవత్సరం దాని మీద చెక్కి ఉంటాయి. తొమ్మిదేళ్ల చదువు నిర్బంధమని 1986లోనే చట్టం చేసుకున్న దేశంలో ఊరి బడికి దాత పేరు ఎందుకు పడింది? పాఠం చెప్పడానికి బయటివాళ్లు ఎందుకు రావలసి వచ్చింది? మొదటిది డబ్బు కథ, రెండోది పంతులు కథ. డబ్బు కథ చాలావరకు ఒక కొలిక్కి వచ్చింది. పంతులు కథ రాలేదు. రెండింటినీ ఒకటిగా చూడడం వల్లే జిజ్యావ్ మీద ఇంత గందరగోళం అని నా అభిప్రాయం.

విరాళాల బడి చైనాకు కొత్త కాదు. 'యీష్వే' అనే ధర్మబడులు రాజుల కాలంనుంచీ ఉన్నాయి. వాటిలో అందరికీ తెలిసిన పేరు షాన్‌దాంగ్ రాష్ట్రంలో 1838లో పుట్టిన వూ షున్‌ది. అక్షరం రాని నిరుపేద. చేసిన పనికి కూలి అడిగితే యజమాని దొంగలెక్క చూపించాడనీ, అది చదవలేకే మోసపోయాడనీ చెబుతారు. ఆ దెబ్బతో, తనలాంటి పేదపిల్లలకు బడి కట్టాలని పంతం పట్టాడు. దాదాపు ముప్పై ఏళ్లు జోలె పట్టుకుని ఊరూరా తిరిగాడు. అడుక్కున్న నాణేలను వడ్డీకి తిప్పాడు, పొలం కొన్నాడు, తనకంటూ ఒక్క పూట మంచి కూడు తినలేదు. 1888లో ల్యూలిన్ అనే ఊళ్లో మొదటి బడి కట్టాడు. 1896లో చనిపోయేలోపు మరో రెండు.

వూ షున్ గురించి జనం చెప్పుకునే మాటల్లో నన్ను బాగా పట్టుకున్నది ఒకటుంది. బద్ధకించిన పంతులు కనబడితే ఆయన కోప్పడేవాడు కాదట, ఎదురుగా వెళ్లి మోకాళ్ల మీద కూర్చునేవాడట. బడి కట్టడం అడుక్కుని సాధించవచ్చు, బడిలో పంతులు మనసు పెట్టి చెప్పడం మాత్రం జోలెలో దొరకదని ఆయనకు ఆనాడే తెలిసినట్టుంది. వారాలు చేసుకుని చదువుకున్న తాతల కథలు వింటూ పెరిగిన తెలుగువాళ్లకు ఈ మనిషి పరాయివాడిలా అనిపించడు. అయితే 1951 మే నెలలో ఆయన జీవితం మీద వచ్చిన సినిమాను ఖండిస్తూ కమ్యూనిస్టు పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ సంపాదకీయం రాసింది, అది రాసింది మావోయే. విప్లవం చేయాల్సిన చోట దొరలముందు అడుక్కోవడాన్ని పొగుడుతారా అన్నది దాని సారం. సాంస్కృతిక విప్లవంలో ఆయన సమాధినీ ధ్వంసం చేశారు. ఆ పేరుకు మళ్లీ గౌరవం దక్కింది 1980ల్లోనే.

మధ్యలో మరికొందరున్నారు. సింగపూర్‌లో రబ్బరు వ్యాపారంతో సంపన్నుడైన తాన్ కా కీ 1913లో సొంతూరు జీమేలో ప్రాథమిక పాఠశాల పెట్టాడు, 1921లో షియామెన్ యూనివర్సిటీ స్థాపించాడు. తావ్ శింగ్‌జీ 1927లో నాన్‌జింగ్ పొలిమేరలో పల్లె పంతుళ్ల కోసమే ఒక శిక్షణ పాఠశాల తెరిచాడు. లోకానికి జేమ్స్ యెన్‌గా తెలిసిన యాన్ యాంగ్‌చూ అదే కాలంలో విదేశాల్లో డాక్టరేట్లు చేసినవాళ్లను కూడగట్టి హెబెయ్ రాష్ట్రంలోని దింగ్ కౌంటీకి, రైతుల మధ్యకు తీసుకెళ్లాడు. చదువుకున్నవాడు పల్లెకు కదలాలన్న జిజ్యావ్ ఆలోచనకు మూలం అక్కడుంది. 1937లో జపాన్ దండయాత్రతో ఆ ప్రయోగం ఆగిపోయింది.

ఇప్పటి పరిస్థితికి అసలు వేరు మాత్రం పల్లెలు ఉమ్మడి సేద్యం చేసిన కమ్యూన్ల కాలంలో ఉంది. 'ప్రజల చదువు ప్రజలే నడుపుకోవాలి' అన్నది అప్పటి నినాదం. ఆచరణలో దాని అర్థం పల్లె బడి ఖర్చు పల్లే భరించాలని. పట్నం బడి పంతులుకు సర్కారు జీతం. పల్లె పంతుళ్లలో ఎక్కువమంది 'మిన్‌బాన్' పంతుళ్లు, అంటే ఊరు పెట్టుకున్నవాళ్లు. కూలీలకు పడినట్టే వాళ్లకూ కమ్యూన్ పద్దులో పనిపాయింట్లు పడేవి, పంట చేతికొచ్చాక వాటికి సరిపడా గింజలు. పొద్దున పాఠం, సాయంత్రం పొలం. 1977 నాటికి ఇలాంటివాళ్లు దాదాపు 49 లక్షలమంది, దేశంలోని బడిపంతుళ్లలో సగానికి పైగా వాళ్లే. వాళ్లకు శిక్షణ తక్కువ, కానీ వాళ్లు ఆ ఊరివాళ్లు. వాన పడితే ఏ పిల్లవాడు వాగు దాటలేడో వాళ్లకు తెలుసు.

1980ల మొదట్లో కమ్యూన్లు రద్దయి పొలాలు కుటుంబాల చేతికొచ్చాయి. రైతు బతుకు బాగుపడింది. పనిపాయింట్లు మాయమయ్యేసరికి పంతులు జీతానికి ఆధారం కూడా మాయమైంది. 1985లో బడుల బాధ్యతను కింది ప్రభుత్వాలకు అప్పగించారు. పల్లెల్లో ఆ బరువు మోసింది టౌన్‌షిప్, అంటే మన మండలం లాంటిది. దానికి సొంత రాబడి అంతంతమాత్రం. దాంతో రైతుల మీద విద్యా సుంకం, పిల్లల మీద రకరకాల ఫీజులు. 1994లో పన్నుల పంపిణీ మారి రాబడిలో పెద్దవాటా పైకి వెళ్లింది, ఖర్చు కిందే మిగిలింది. చాలాచోట్ల పంతుళ్లకు నెలల తరబడి జీతాలు అందలేదు. చట్టం చదువు నిర్బంధం అంటుంది, బడి గుమ్మంలో ఫీజు అడుగుతారు. ఫీజు కట్టలేని ఇంట్లో ముందు ఆగిపోయేది ఆడపిల్ల చదువు.

విరాళం అడుగుపెట్టింది సరిగ్గా ఈ సందులోనే. 1989 అక్టోబరులో చైనా యూత్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ 'షీవాంగ్ గాంగ్‌చెంగ్' మొదలుపెట్టింది. ఆశా పథకం అనుకోవచ్చు. మొదటి సాయం హెబెయ్ రాష్ట్రం లైయువాన్ కౌంటీలో తావ్‌మూగ్‌దా అనే కొండపల్లె పిల్లలు 13 మందికి అందింది. చదువుకోవాలనుందంటూ ఆ ఊరి పిల్లవాడొకడు రాసిన ఉత్తరం దానికి దారి చూపింది. 1990 మేలో అన్‌హ్వీ రాష్ట్రం జిన్‌జాయ్ కౌంటీలో మొదటి 'ఆశా బడి' తయారైంది. 1992లో దేశ అగ్రనేత డెంగ్ షియావోపింగ్ పేరు చెప్పకుండా, కమ్యూనిస్టు పార్టీ పాత సభ్యుడినంటూ డబ్బు పంపాడు.

దేశాన్ని నిజంగా కదిలించింది ఒక ఫొటో. 1991లో షియే హైలాంగ్ అనే ఫొటోగ్రాఫర్ జిన్‌జాయ్ కొండల్లో ఒకటో తరగతి పిల్లను తీశాడు. చెదిరిన జుట్టు, చేతిలో పెన్సిలు, తలెత్తి సూటిగా చూస్తున్న పెద్ద కళ్లు. ఆ పిల్ల పేరు సూ మింగ్‌జ్వాన్. పోస్టర్ల మీద, పత్రికల్లో, విరాళాల డబ్బాల మీద ఎక్కడ చూసినా ఆ కళ్లే. అప్పుడే పట్నాల్లో చేతిలో నాలుగు డబ్బులు ఆడడం మొదలైంది. ఉద్యోగులు, సైనికులు, హాంకాంగ్ వ్యాపారులు, విదేశాల్లోని చైనీయులు పంపడం మొదలుపెట్టారు. సూ మింగ్‌జ్వాన్ చదువుకుని బ్యాంకులో ఉద్యోగం చేసింది, 2018లో తన పేరు మీద పిల్లల చదువుకు ఒక నిధి కూడా పెట్టింది. ముప్పై ఏళ్లు నిండిన 2019 నాటికి ఈ పథకానికి 1,500 కోట్ల యువాన్లకు పైగా విరాళాలొచ్చాయి. 20 వేలకు పైగా బడులు లేచాయి, దాదాపు 60 లక్షలమంది పిల్లలకు సాయం అందింది.

ఈ అంకెల్ని నేను తక్కువ చేయను. ఒక్కో బడీ ఒక ఊరికి పట్టిన అదృష్టం. కానీ ఫొటోలో పిల్ల ఉంది, పెన్సిలు ఉంది, పంతులు లేడు. చూసినవాళ్లకు కావలసింది పుస్తకం, పెన్సిలు, గది అనిపించింది, అవే పంపారు. భవనాన్ని విరాళంతో ఒకసారి కడితే సరిపోతుంది. పంతులును ముప్పై ఏళ్లపాటు ప్రతి నెలా పోషించాలి. పలక మీద చెక్కించుకోవడానికి దాతలకు పనికొచ్చిన లెక్క మొదటిదే.

2000 తర్వాత సర్కారు తీరు మారింది. 2001లో జీతాల బాధ్యత టౌన్‌షిప్ నుంచి దాని పై అంచె అయిన కౌంటీకి వెళ్లింది. 2006లో పశ్చిమ రాష్ట్రాల పల్లె బడుల్లో ఫీజులు రద్దయ్యాయి, 2007లో దేశంలోని పల్లెలన్నిటిలో, 2008లో పట్నాల్లోనూ. ఫీజు కట్టలేక చదువు మానేయడమన్న పాత గాయం అలా మానింది. తిండి విషయంలో 2011 ఏప్రిల్‌లో డెంగ్ ఫే అనే పత్రికా విలేకరి తోటివాళ్లతో కలిసి విరాళాలు పోగుచేసి పల్లె బడుల్లో ఉచిత భోజనం మొదలుపెట్టాడు. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వమే 680 పేద కౌంటీల్లో పిల్లవాడికి రోజుకు 3 యువాన్ల చొప్పున పథకం ప్రకటించింది. విరాళం దారి చూపితే ఖజానా ఆ దారిని సొంతం చేసుకున్న సందర్భం అది. విరాళానికి ఇంతకంటే మంచి ఫలితం నాకు కనబడదు.

అదే దశాబ్దంలో ఒక పెద్ద పొరపాటు కూడా జరిగింది. పిల్లలు తగ్గుతున్నారు, జీతాలు కౌంటీ నెత్తిన పడ్డాయి కాబట్టి చిన్న బడులు మూసి టౌన్‌షిప్‌లో ఒక పెద్ద బడి పెట్టారు. 2000 నుంచి 2010 వరకు లెక్క తీస్తే రోజుకు సగటున 63 పల్లె ప్రాథమిక పాఠశాలలు కనుమరుగయ్యాయి. మూతపడినవాటిలో దాతల పలకలున్న బడులూ ఉన్నాయి. చందాలు ఇచ్చిన మనుషులు చూడ్డానికి వెళితే తాళం కనిపించింది. ఏడెనిమిదేళ్ల పిల్లలు హాస్టళ్లలో చేరారు, లేదా రోజూ కిక్కిరిసిన వ్యాన్లలో ప్రయాణం. 2011 నవంబరులో గాన్సూ రాష్ట్రం జెంగ్‌నింగ్ కౌంటీలో తొమ్మిది సీట్ల వ్యానులో 64 మందిని ఎక్కించారు. అది లారీని గుద్దుకుని 21 మంది చనిపోయారు, ఇద్దరు తప్ప అందరూ పసిపిల్లలే. మరుసటి ఏడాది సెప్టెంబరులో బడుల మూతకు కేంద్రం పగ్గం వేసింది. అప్పటికే చాలా ఊళ్లలో మిగిలింది అవ్వాతాతలు, మనవలు. తల్లిదండ్రులు పట్నాల్లో ఫ్యాక్టరీల్లో ఉన్నారు. 2013లో అఖిల చైనా మహిళా సమాఖ్య అలా ఊళ్లో మిగిలిన పిల్లల్ని 6 కోట్ల పైచిలుకుగా లెక్కగట్టింది.

వాలంటీరు వచ్చి నిలబడేది ఈ పిల్లల ముందే. మిన్‌బాన్ పంతుళ్లలో కొందరిని పర్మినెంటు చేసి, మిగతావాళ్లను ఇంటికి పంపి 2000 నాటికి ఆ వ్యవస్థకు తెరదించారు. శిక్షణ పొందిన కొత్తవాళ్లు కొండ ఎక్కడానికి ఇష్టపడలేదు. ఆ ఖాళీ కోసం సర్కారు 2003లో కాలేజీ పట్టభద్రుల పశ్చిమ పథకాన్ని, 2006లో మూడేళ్ల ఒప్పందంతో జీతమిచ్చే ప్రత్యేక పోస్టుల పథకాన్ని తెచ్చింది. పట్టభద్రులను పల్లె బడులకు పంపే 'మేలీ జోంగ్‌గ్వో' సంస్థ 2008లో మొదలైంది, అది రెండేళ్లు తప్పనిసరి అంటుంది.

ఈ పనికి ముఖంగా మారినవాడు షూ బెన్‌యూ. గ్వీజౌ రాష్ట్రం దాఫాంగ్ కౌంటీలో కొండ గుహలో నడుస్తున్న బడికి 2002 వేసవిలో తోటి విద్యార్థులతో వెళ్లాడు. తిరిగొస్తానని పిల్లలకు మాటిచ్చాడు. 2003లో పీజీ సీటు పక్కనపెట్టి నిజంగానే వెళ్లాడు. తోడొచ్చినవాళ్లు వెనుదిరిగారు, ఆయన మిగిలాడు. 2004లో ఆయన ఫొటోలు ఇంటర్నెట్‌లో తిరిగాక విరాళాలు వెల్లువెత్తాయి. షూ బెన్‌యూ సొంతూరు షాన్‌దాంగ్‌లోని లియావ్‌చెంగ్ ప్రాంతం. వూ షున్ జోలె పట్టుకుని తిరిగిన నేల కూడా అదే.

ఎకార్ట్ లోవే అనే జర్మన్ గ్వాంగ్‌షీలోని బాన్‌లియే అనే ఊళ్లో జీతం లేకుండా ఏళ్ల తరబడి పిల్లలతో ఉండిపోయాడు. అంతకుముందు వేరే బడిలో పరీక్ష మార్కులు రాబట్టలేకపోయాడని ఆయన్ను వద్దన్నారు. యున్నాన్‌లో జాంగ్ గ్వేమే అనే టీచరు పేద ఆడపిల్లల హైస్కూలు కోసం 2002 నుంచి సెలవుల్లో కున్‌మింగ్ వీధుల్లో చందాలు అడిగింది. మోసగత్తె అని తిట్టించుకుంది. ఐదేళ్లకు వచ్చింది పదివేల యువాన్లు. చివరికి ప్రభుత్వ సొమ్ముతో 2008లో హ్వాపింగ్‌లో బడి తెరుచుకుంటే, 17 మంది పంతుళ్లలో 9 మంది ఆరు నెలల్లోనే వెళ్లిపోయారు. బడిని నిలబెట్టింది మిగిలిన 8 మంది.

అందుకే రెండు వారాలకు వెళ్లే విద్యార్థిని నేను తప్పుపట్టను గానీ, బయలుదేరేముందు అడగవలసిన మాట ఒకటుంది: నేను వెళ్లిపోయాక సోమవారం పొద్దున ఆ గదిలో ఎవరుంటారు? అమ్మానాన్నా ఇప్పటికే వెళ్లిపోయిన పిల్లలు వాళ్లు. ఇంకో మనిషిని అలవాటు చేసి తీసేసుకోవడం వాళ్లకు చిన్న సంగతి కాదు. అక్కడ ఉన్న పంతులుకు సాయపడేలా, ఆ పంతులు అడిగిన పనే చేసేలా వెళ్తే రెండు వారాలు కూడా ఉపయోగపడతాయి.

ఆశా పథకానికి దారి చూపిన ఉత్తరం రాసిన తావ్‌మూగ్‌దా పిల్లవాడు ఆ సాయంతో చదివి, టీచరు ట్రైనింగు పూర్తిచేసి, అదే ఊరికి పంతులుగా తిరిగొచ్చాడు. తర్వాత ఆ కొండల్లోనే హెడ్మాస్టరు అయ్యాడు.